తగువు పెద్దలకు భోజనం

కోడికూరలో ఉప్పు చూశావా అని మా ఆయన వంటింటి గుమ్మంలోంచి మళ్ళీ అడిగాడు. "పెద్దలు తినీ కూడు, మాట రాకూడదు" అన్నాడు. వండేది నేను, తినేది వాళ్ళు, మధ్యలో ఈయనకు వచ్చే మాటేమిటో నలభైయేళ్ళు దాటిన కాపురంలో నాకెప్పుడూ అర్థం కాలేదు. అల్లం దంచుతూ తలెత్తకుండా "సూసినాన్లే మావా" అన్నాను. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఉప్పు కోసం రాలేదని నాకు తెలుసు. "మద్దేనం ఎమ్మార్వో ఏటడిగినా అవును బాబూ అను, సంతకం ఎట్టీ. అంతే నీ పని. నీకు నోరు లెగిసిందంటే ఆగదు, అదే నా బయ్యం" అన్నాడు. నా నోరు లేచిన రోజు ఒక్కటైనా చెప్పమంటే ఆయనకు గుర్తు రాదు. లేస్తుందేమోనన్న భయంతోనే ఇన్నేళ్ళూ నన్ను కసురుకుంటూ వచ్చాడు.

మా ఊళ్ళవైపు మొగుడూ పెళ్ళాల మధ్య తగువొస్తే పెద్దలు కూర్చుని తీరుస్తారు. తీర్పు ఎవరి పక్షాన వచ్చిందో ఆ ఇంటివాళ్ళు పెద్దలకు భోజనం పెట్టాలి. అది ఆనవాయితీ. ఈ రోజు తగువూ లేదు, తీర్పూ లేదు. తొమ్మిదేళ్ళ కిందట తాము చెప్పిన తీర్పును చెప్పనే లేదని అధికారి ముందు చెప్పడానికి వస్తున్నారు. దానిక్కూడా నా చేతి వంటే కావలసి వచ్చింది.

ఆ తీర్పు నా కొడుకు గిరిబాబుకీ, కోడలు పద్మకుమారికీ జరిగింది. ఇప్పుడు పద్మ లేదు. మొన్న చలికాలంలో పోయింది.

పద్మ కానిస్టేబులు. ఆ రోజు పొద్దున్న హైవే మీద ఒక లారీ బోల్తా పడింది. ఎదురుగా మనిషి కనిపించనంత మంచు. వెనక వచ్చే బళ్ళు ఆ లారీని గుద్దుకోకుండా ఆపడానికి పద్మ రోడ్డు మధ్యలో నిలబడి ఈల వేస్తూ, టార్చి ఊపుతూ ఉందట. కాలేజీ పిల్లల బస్సొకటి ఆగింది. దాని వెనక కారు ఆగింది. తర్వాత వచ్చిన ట్యాంకరు ఆగలేదు. ఆ బస్సులో పిల్లలు తర్వాత మా ఇంటికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, వాకిట్లో చెప్పులు విప్పి నిలబడ్డారు. వాళ్ళకు టీ పెట్టి ఇచ్చాను. ఒక పిల్ల గ్లాసు పట్టుకొని ఏడుస్తూనే ఉంది, తాగలేదు. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. బతికి ఉన్నందుకేమో.

శ్మశానంలో పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చారు. గిరిబాబు అప్పటికే విశాఖపట్నం నుంచి దిగాడు. చేతిలో కొత్త పట్టుచీర, మొగుడు పెట్టవలసిన చీర. తొమ్మిదేళ్ళలో ఆ మనిషికి ఒక జాకెట్టు గుడ్డ కొనని వాడు, కెమెరాలన్నీ తిరిగే దాకా ఆగి, ఆ చీర కప్పి, మీద పడి భోరుమన్నాడు. "పసుపు కుంకాలతో పోనాది, పున్నెం సేసుకున్నాది" అని ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. మర్నాడు పేపర్లో వాడి ఫొటో వేసి కింద 'విలపిస్తున్న భర్త' అని రాశారు. మా ఆయన ఆ పేపరు మడిచి దాచాడు. ఎందుకు దాస్తున్నాడో ఆ రోజు నాకు తట్టలేదు.

డ్యూటీలో చనిపోయిన వాళ్ళ కుటుంబానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుందని, పిల్ల చదువు చూస్తుందని, ఇంట్లో ఒకరికి ఉద్యోగం కూడా ఇస్తుందని పెద్ద అధికారులే ఇంటికి వచ్చి చెప్పారు. ఆ కుటుంబం ఎవరు అన్నది మాత్రం తహశీల్దారు, మేం ఎమ్మార్వో అనే ఆయన, తేల్చి ధ్రువపత్రం ఇవ్వాలి. పద్మకు మొగుడున్నాడు అని రాస్తే ఉద్యోగం వాడిది. పన్నెండేళ్ళ హర్షిత మైనరు కాబట్టి దాని వాటాకీ, దానికీ కూడా వాడే పెద్దదిక్కు. ఈ లెక్క నాకు చెప్పింది పద్మతో పనిచేసిన హెడ్ కానిస్టేబులు అనూరాధ. కూరగాయల బజారులో నన్ను పక్కకు పిలిచి, "పెద్దమ్మా, ఆయన పద్మక్కని ఒగ్గీసినాడని స్టేషనంతా తెలుసు. కానీ మేం సెప్తే మా మనిషని సెప్తన్నాం అంటారు. ఇంటి మనిషి సెప్పాలి. ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవలున్నారు?" అంది. నేను వంకాయలు ఏరుకుంటూ "సూద్దాంలే" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద ఒళ్ళు మండింది. అనడం తేలిక. ఆ ఇంటి మనిషికి ఇంకో ఇల్లు ఉందా అని ఎవరూ అడగరు.

ఇంతకీ ఆ తీర్పు. పెళ్ళయ్యాకే పద్మకు ఉద్యోగం వచ్చింది. పరుగు పందెంలో గెలిచి, పరీక్ష రాసి తెచ్చుకుంది. అక్కణ్ణుంచి మొదలైంది ఇంట్లో. "లాఠీ పట్టుకున్న ఆడదాని పక్కన పడుకుంటే లాకప్పులో ఉన్నట్టుంటాది" అనేవాడు గిరి, అందరూ వినేలా. "ఇంటి కోడలు నడిరోడ్డు మీద ఈలలేత్తంటే ఊళ్ళో తలెత్తుకోడం ఎలగ?" అనేవాడు మా ఆయన. నెల మొదట్లో మాత్రం ఆ తల బాగానే లేచేది, ఎరువులకు సాయం అడగడానికి. గిరి విశాఖపట్నంలో ట్రావెల్స్ ఆఫీసులో చేరాడు, రేఖ అనే ఆవిడతో ఉంటున్నాడని కొన్నాళ్ళకు తెలిసింది. పద్మ అరవలేదు, ఏడవలేదు. ఒక ఆదివారం పెద్దలను పిలవమంది.

గరివిడి దగ్గర మా ఊళ్ళో, ఎరువుల కొట్టు ధర్మారావు గోదాములో తగువు పెట్టారు. మగవాళ్ళు బల్లల మీద, ఆడవాళ్ళం తలుపు వెనక. అన్ని మాటలూ అయ్యాక ధర్మారావు గొంతు సవరించుకుని, "ఇయ్యాల్టి నుంచి ఆ పిల్ల దారి ఆ పిల్లది, గిరిగాడి దారి గిరిగాడిది. పిల్లని తల్లే పెంచుకుంటాది. గిరిగాడ్ని కరుసులు అడగకూడదు. ఎవలు ఎవల్ని మనువాడినా ఇంకొకలు ప్రశ్నించకూడదు" అన్నాడు. అయిపోయింది. కోర్టు లేదు, వకీలు లేడు, కాగితం లేదు. మా వైపు అలాగే విడిపోతారు, విడిపోయి మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకుంటారు, మనవలను ఎత్తుతారు. పెద్దల మాటే కాగితం అనుకుంటాం. పద్మ పోలీసు కదా, కోర్టులో కూడా తేల్చుకోవాలని దానికి తెలుసు. రెండు మూడుసార్లు అనుకుంది. "వాయిదాలకి సెలవెవలిస్తారత్తా? ఉన్న సెలవులు పిల్ల జొరాలకే సాల్డం నేదు" అంది. మొగుణ్ణి వదిలించుకోవడానికి సెలవు దొరకని ఆడదాని సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. పద్మ కూడా నవ్వుతూనే చెప్పింది.

తీర్పు మర్నాడు చీపురుపల్లిలో అద్దె ఇంటికి పద్మ సామాను వేసుకొని బస్సెక్కుతుంటే నేనూ ఎక్కాను. హర్షితకు అప్పుడు మూడేళ్ళు. పద్మకు తల్లి లేదు. డ్యూటీకి పగలూ రాత్రీ లేదు. పిల్లను చూసే దిక్కు లేదు. "పోతే పో, కోతలకి మాత్రం బేగి రా" అన్నాడు మా ఆయన. వెళ్ళాను. ప్రతి ఏడూ కోతలకు వెళ్ళాను, ఊడ్పులకు వెళ్ళాను, ఆయనకు జ్వరమొస్తే వెళ్ళాను. మిగిలిన రోజుల్లో చీపురుపల్లిలో పద్మకు క్యారేజీ కట్టాను, హర్షితకు జడలు వేశాను, ఖాకీ బట్టలు ఉతికి ఇస్త్రీ చేశాను. ఖాకీ గుడ్డ తడిస్తే ఎంత బరువుంటుందో ఉతికిన చేతులకే తెలుస్తుంది.

పద్మ నాకు కూతురైపోయిందని చెప్పను. మేం అత్తాకోడళ్ళంగానే ఉన్నాం, అలాగే పోట్లాడుకున్నాం. నేను నూనె ఎక్కువ పోస్తానని అది, అది పిల్లకు ఫోను ఇస్తుందని నేను. బందోబస్తు డ్యూటీ పడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటుండదు కదా. ఇంటికొచ్చి కడుపు పట్టుకొని మూలిగితే తిడుతూనే బార్లీ నీళ్ళు కాచి ఇచ్చేదాన్ని. ఆ నొప్పిలో కూడా అది "అత్తా, నువ్వు తిన్నావా?" అని అడిగేది. ఆ ప్రశ్న నన్ను మా అమ్మ తర్వాత ఎవరూ అడగలేదు. మొదటిసారి విన్నప్పుడు ఏం జవాబు చెప్పాలో తెలియక, "తినకపోతే సచ్చిపోతానేటి" అని కసిరాను.

పద్మ పోయాక మా ఆయన ఊళ్ళో ఇంటికి తాళం వేసి ఇక్కడికి వచ్చేశాడు. గిరిబాబు వస్తూ పోతూ ఉన్నాడు. నెలాఖరుకు ఈ ఇల్లు ఖాళీ చేయాలని ఇంటాయనతో వాళ్ళే మాట్లాడేశారు. నేను ఊరికి, హర్షిత తండ్రి దగ్గరికి. ఇదంతా నాకు కూరలో కారం ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పారు. పొద్దున్న బడికి వెళుతూ హర్షిత బూట్లు తొడుక్కుంటూ, "మామ్మా, ఆయన్ని నాన్నా అని పిలవాలా?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాను. "ఇష్టం నేకపోతేనో?" అంది. జడ రిబ్బను సరిచేసి పంపేశాను. పిల్ల సందు మలుపు తిరిగే దాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

అయినా సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఇది దాచుకోను. వాడు నా కొడుకు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయాక దక్కినవాడు. పెద్దలు రాక ముందు వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. చిన్నప్పట్లా "కార్జం ముక్క ఏదమ్మా?" అని అడిగాడు. పళ్ళెంలో వేసి ఇచ్చాను. ఊదుకుంటూ తిన్నాడు. జుట్టు పలచబడింది, కళ్ళ కింద నల్లబడింది. "ఆ ట్రావెల్స్ ఓడు ఎప్పుడు తీసీస్తాడో తెలీదమ్మా. ఈ గవుర్నమెంటు ఉజ్జోగం వొస్తే నా బతుకు బాగుపడతాది. అంతా నీ సేతిలో ఉన్నాది" అన్నాడు.  పద్మ ఎలాగూ తిరిగి రాదు, వీడైనా బాగుపడితే చాలదా అనిపించింది. ఇంకో ముక్క వేశాను.

ధర్మారావూ మరో ఇద్దరు పెద్దలూ కారులో వచ్చారు. వరసగా కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. ధర్మారావు అన్నం కలుపుకుంటూ పాఠం చెప్పాడు. "మనం ఆ రోజు అన్నదేటి? కోపాలు తగ్గీదాకా ఏరేగా ఉండమన్నాం. అంతే. యిడాకులన్న మాట మన నోటెంట రానేదు. ఏమండీ?" మిగిలిన ఇద్దరూ నోటినిండా అన్నంతో తలలు ఊపారు. "సచ్చినోలు ఎలాగూ రారు. బతికున్నోడికి దారి సూపాల" అన్నాడు ఒకాయన.

"కోపాలు తగ్గడానికి తొమ్మిదేళ్ళు సాల్నేదు పాపం" అన్నాను, చారు పోస్తూ.

ధర్మారావు నవ్వాడు. "వదినకి ఎటకారం ఎక్కువే" అన్నాడు. మా ఆయన నవ్వలేదు.  "మజ్జిగ తే" అన్నాడు.

మజ్జిగ పెరటి వరండాలో కుండలో ఉంది. తీసుకురావడానికి వెళితే గిరిబాబు పెరట్లో, కొట్టు గోడకు ఆనుకొని ఫోనులో మాట్లాడుతున్నాడు. నేను వరండాలో ఉన్నానని చూసుకోలేదు. అవతల రేఖ అని పిలుపుని బట్టి తెలిసింది. వాళ్ళకు ఇంకా నడక రాని పిల్లవాడున్నాడు.

"ఇదిగో రేఖా, పని మనిషిని మానిపించీ. గుంట ఒచ్చే నెల ఒచ్చేస్తాదిగా. బాబుని సూసుకుంటాది, గిన్నెలు తోముతాది. ఒడ్డూ పొడుగూ ఎదిగిందిలే, పన్లన్నీ సేస్తాది... బడా? సూద్దాం, దగ్గర్లో గవుర్నమెంటు బడేదో ఉంటాది కదా... దాని డబ్బులు దానికే అంటే ఎలగ? దాన్ని మేపద్దా మరి?" అన్నాడు. తర్వాత నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. భార్యతో ఇంటి విషయాలు మాట్లాడుకునే మామూలు మొగుడి నవ్వు.

మజ్జిగ కుండ మూత చేత్తో పట్టుకొని అలాగే నిలబడ్డాను.  వాడు హర్షితను కొడతానని అనలేదు, చంపుతానని అనలేదు. పన్లన్నీ చేస్తుందన్నాడు. నా గురించి మా మామగారు మా నాన్నతో సంబంధం ఖాయం చేసుకున్నప్పుడు అన్న మాట అదే. పద్మ గురించి పెళ్ళిచూపుల్లో మా ఆయన అన్న మాట అదే. పద్మ ఒక్కతే అందులోంచి తప్పుకొని, తన కాళ్ళ మీద తాను నిలబడి, పిల్లను బడిలో మొదటి వరసలో కూర్చోబెట్టింది. అది ట్యాంకరు కింద పడి సంపాదించి పెట్టిన పరిహారంతో దాని కూతురు అంట్లు తోమడానికి వెళుతుంది. పైగా దానికి నా సంతకం కావాలి.

లోపల్నుంచి "మజ్జిగ!" అని మా ఆయన కేక వేశాడు. తీసుకెళ్ళి పోశాను.  అందరూ బాగా తిన్నారు.

ధర్మారావు కారులో మిగతా మగవాళ్ళు ఎక్కారు. నేనూ మా ఆయనా వెనక ఆటోలో వెళ్ళాం. నా మొహంలో ఏం కనిపించిందో గాని, రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "సూడే, సుబద్రా. నువ్వు ఇయ్యాల ఏటైనా తేడా మాటాడినావంటే నా గుమ్మం తొక్కడానికి నేదు. రేపు సస్తే నీకు కొరివి ఎట్టీవోడు కూడా ఉండడు. బాగా ఆలోసించుకో." నేను పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాను. గేటు తెరిచేదాకా గూడ్సు బండి పోతూనే ఉంది. ఆయన చెప్పినట్టే బాగా ఆలోచించాను. ఏ గుమ్మం? నేను కడిగి ముగ్గేసిన గుమ్మమే. దాన్ని తొక్కొద్దంటే నాకు బెంగగానే ఉంది. భయంగా కూడా ఉంది. ఈ వయసులో ఇల్లు పోగొట్టుకున్న ఆడదాన్ని ఎవరూ కానిస్టేబులు ఉద్యోగంలోకి తీసుకోరు కదా.

మండలాఫీసులో తహశీల్దారు నడివయసు మనిషి, కళ్ళజోడు. పక్కన బల్ల దగ్గర ఒక అమ్మాయి కంప్యూటరు మీద అందరి మాటలూ ఎక్కిస్తోంది. ఆయన మొదట ధర్మారావును అడిగాడు. ధర్మారావు అన్నం ముందు చెప్పిన పాఠం ఒక్క ముక్క పోకుండా ఒప్పజెప్పాడు. మిగిలిన ఇద్దరూ అదే. మా ఆయన "నా కోడలు బంగారం బాబూ, నా కొడుకంటే దానికి పేణం" అన్నాడు. గిరిబాబు కళ్ళు తుడుచుకొని, ఉద్యోగం రీత్యా వేరే ఊళ్ళో ఉన్నానే తప్ప తమ మధ్య ఏ తగువూ లేదన్నాడు. అన్నీ టకటకా ఎక్కుతున్నాయి. పద్మ బతికిన తొమ్మిదేళ్ళూ నా కళ్ళెదుటే చెరిగిపోతున్నాయి.

"మీరు చెప్పండమ్మా" అన్నాడు తహశీల్దారు. "మీ అబ్బాయీ, చనిపోయిన పద్మకుమారి గారూ చివరిదాకా భార్యాభర్తలే కదా?"

 గిరిబాబు నా వైపు చూశాడు. పొద్దున్న పీట మీద కూర్చున్న పిల్లాడి చూపే. ఆ చూపు వంక ఇంకొక్క క్షణం చూస్తే నా నోట 'అవును బాబూ' వచ్చేసేది. అందుకని తహశీల్దారు కళ్ళజోడు వంక చూశాను.

"నాను సెప్పొచ్చా బాబూ?" అన్నాను. "ఆ రోజు తగువులో నన్నెవలూ అడగనేదు."

"చెప్పండి. అందుకే పిలిచాం."

"మా పెళ్ళిళ్ళలో సూత్రానికి రెండు పుస్తెలుంటాయి బాబూ. పుట్టింటోలది ఒకటి, అత్తింటోలది ఒకటి. ఆ రోజు తీర్పు సెప్పినాక ఈ ధర్మారావు గారే, 'అత్తింటి పుస్తె అత్తింటికి ఇచ్చీమనండి' అన్నారు. ఆడకూతురి మెళ్ళోది మగోలు ముట్టుకోకూడదు కదా, తలుపెనక నుంచి నన్ను పిలిసినారు. పద్మ తల ఒంచింది. నా సేత్తో నానే సూత్రం ఇప్పి, మా పుస్తె తీసుకొని, దాని పుస్తె దానికి మల్లా కట్టీసినాను. ఆ తగువులో నాను సేసిన పని అదొక్కటే. కోపాలు తగ్గీదాకా ఏరేగా ఉండమంటే పుస్తె తీయిస్తారేటి బాబూ? మా ఊళ్ళో ఎవలినైనా అడగండి, అత్తింటి పుస్తె తిరిగిచ్చీడమంటే ఏటో."

 మా ఆయన లేచాడు. "దానికి మతి సెలించింది బాబూ, కోడలు పోయినకాడ్నుంచీ ఇలగే..." అని మొదలుపెట్టాడు. తహశీల్దారు చేత్తోనే కూర్చోమన్నాడు.

"ఆస్పత్రిలో పద్మ ఒంటి మీద ఒస్తువులు పోలీసులు నా సేతికే ఇచ్చినారు" అన్నాను. ఇప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినిపిస్తోంది. "ఆ సూత్రానికి ఒక్క పుస్తే ఉన్నాది. అనూరాధమ్మని అడగండి, ఆ పిల్ల ఎదరగానే ఇచ్చినారు. రెండోదాన్ని ఇంకో మనువుకని నా కొడుకు నా దగ్గిర అడిగి పట్టుకెల్లినాడు, ఏటయ్యిందో ఆడే సెప్తాడు. సెప్పరా గిరీ. ఎవలి మెళ్ళో ఉన్నాది?"

"అమ్మా!" అన్నాడు గిరిబాబు.

"రేఖ మెళ్ళో ఉన్నాది బాబూ. ఈడు ఎవలికి మొగుడో ఆవిడ మెళ్ళోనే ఉన్నాది. నా కడుపున పుట్టినోడే. పద్మకి మాత్రం ఏటీ కాడు."

కంప్యూటరు దగ్గర అమ్మాయి చేతులు ఆగిపోయి మళ్ళీ కదిలాయి.  తహశీల్దారు గిరిబాబును ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, రేఖ ఎవరని. వాడు తల దించుకున్నాడు. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు అభ్యంతరం చెప్పారు కాబట్టి ఈ ధ్రువపత్రం నేనిప్పుడు ఇవ్వలేను. కోర్టులో తేల్చుకోవాలి. ఏళ్ళు పట్టొచ్చు. అందాకా పాప పరిహారం కూడా కదలకపోవచ్చు. అది తెలిసే చెబుతున్నారా?" అన్నాడు.

తెలియదు. నాకు అంత తెలియదు.  మా ఆయన పట్టుకున్నాడు ఆ సందు. "ఇన్నావా? పిల్ల నోటికాడ కూడు తీసీసినావు, ముండా" అన్నాడు, అధికారి ముందే. కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు. పద్మకు క్యారేజీలు కట్టిన చేతులివి, పది ఇళ్ళలో వండితే హర్షిత బడి ఆగదు. కోర్టుకు అనూరాధ వస్తుంది, రాకపోతే నేనే బస్సెక్కుతాను. వాయిదాలకు సెలవు అడగక్కర్లేని మనిషిని నేను.

"తెలిసే సెప్తన్నాను బాబూ" అన్నాను.

వాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. గిరిబాబు గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగాడు. వెనక్కి తిరుగుతాడనుకున్నాను, తిరగలేదు. బయట కారు తలుపులు దబదబా పడ్డాయి. మా ఆయన నన్ను పిలవలేదు.

కంప్యూటరు దగ్గర అమ్మాయి నన్ను తన పక్క కుర్చీలో కూర్చోమంది. గ్లాసుతో నీళ్ళిచ్చింది. నేను చెప్పిందంతా చదివి వినిపించింది. పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది, ఉజ్జాయింపుగా చెప్పాను. "మృతురాలికి ఏమవుతారు అన్న దగ్గర అత్తగారు అని రాస్తున్నానమ్మా" అంది.

"వద్దమ్మా" అన్నాను. "నన్ను అత్తని రాస్తే ఆడు మొగుడవుతాడు."

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "మరి ఏం రాయమంటారు?"

"ఆవిడ డ్యూటీకెల్తే పిల్లని సూసుకున్న మనిషినని రాయి. క్యారేజీ కట్టిన మనిషినని రాయి."

"అలాంటి సంబంధం ఇందులో లేదమ్మా. రాస్తే కంప్యూటరు ఒప్పుకోదు" అంది ఆ అమ్మాయి, నొచ్చుకుంటూనే.

"అయితే ఏటీ కానని రాయమ్మా. ఏటీ కానోలు నిజం సెప్పకూడదని ఎక్కడా నేదు కదా" అని, కలం అడిగి తీసుకొని సంతకం పెట్టాను.